లాబ్రడార్ పిల్లకు ఏ బొమ్మ ఇచ్చినా ఒక్క పూటకే విసుగు: ఎలా ఆడించాలి?

ప్రశ్న
రాసినవారు: చుక్కి వాళ్ళమ్మ, నల్లగొండ

అందరికీ నమస్కారం. మా ఇంట్లో నాలుగో నెల నడుస్తున్న లాబ్రడార్ కుక్కపిల్ల ఉన్నది. దాని పేరు చుక్కి. నేనూ మా వారూ ఇద్దరమూ ఉద్యోగస్థులం కాబట్టి, ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం దాకా అది మా అత్తమ్మ దగ్గరే ఉంటుంది. అత్తమ్మకు అదంటే ప్రాణమే గానీ, మోకాళ్ళ నొప్పుల వల్ల దాని వెంట తిరగలేరు; కుర్చీలో కూర్చొని చేయగలిగినంతే చేస్తారు.

సమస్య ఏమిటంటే, ఏ బొమ్మ తెచ్చినా దాని సంబరం ఒక్క పూటదే. నొక్కితే కీచుమనే బాతు, ముడులు వేసిన తాడు, రబ్బరు బంతి, గుడ్డతో కుట్టిన కోతి, అన్నీ ఉన్నాయి. తెచ్చిన రోజు వాటిని నోట కరుచుకొని ఇల్లంతా తిరుగుతుంది. మరునాడు వాటి మీదుగా నడిచి వెళ్ళి అత్తమ్మ చెప్పులనూ, చీపురు కట్టనూ, నులక మంచం అల్లికనూ కొరుకుతుంది. ఈమధ్య కూలర్ వైరు మీద కూడా దాని కన్ను పడింది. చివరి విడత టీకా ఇంకా మిగిలి ఉన్నందున వీధిలోకి తీసుకువెళ్ళవద్దని డాక్టరు చెప్పారు. పైగా ఈ ఎండలకు ఉదయం తొమ్మిది దాటితే వాకిట్లో బండల మీద మనమే కాలు పెట్టలేము.

కొత్త బొమ్మలు కొంటూ పోవడమే మార్గమా, లేక ఉన్నవాటితోనే దాన్ని ఆడించే పద్ధతి ఏదైనా ఉన్నదా? కూర్చున్న చోటు నుంచి అత్తమ్మ ఆడించగల ఆటలు మీకు తెలిస్తే తప్పకుండా రాయగలరు.

జవాబు
రాసినవారు: జడ్చర్ల జాగిలం

మేడం గారూ, ముందుగా కొత్త బొమ్మలు కొనడం ఆపివేయండి. ఉన్న నాలుగూ చాలు. అవి నాలుగూ పొద్దస్తమానం దాని కళ్ళెదుటే పడి ఉండడమే అసలు చిక్కు.

ఇది మీ చుక్కికి మాత్రమే ఉన్న గుణం కాదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ బ్రాడ్‌షా బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో, కెన్నెళ్ళలో, అంటే కుక్కలను ఉంచే ఆవరణల్లో, ఉండే లాబ్రడార్లకు ఒకే బొమ్మను మళ్ళీ మళ్ళీ ఇస్తూ గమనించారు. ఇచ్చిన కొద్దీ ఆసక్తి తగ్గుతూ పోయి, చివరకు కుక్క దాన్ని ముట్టుకోవడమే మానివేసింది. రంగూ వాసనా వేరుగా ఉన్న మరొక బొమ్మను ముందు పెట్టగానే మళ్ళీ ఆట మొదలుపెట్టింది. దీనికి వారు చెప్పే కారణం నాకు సబబుగానే తోచింది. కుక్క బొమ్మను వేట దొరికినట్టే పట్టుకుంటుంది. పట్టుకున్నది చిరగక, రుచి ఇవ్వక, ఎంత కొరికినా మారక అలాగే ఉంటే, దాని మీద ఇక శ్రమపడడం దండగ అని వదిలివేస్తుంది. చెప్పు అలా కాదు. కొరికితే చిరుగుతుంది, చెమట వాసన వేస్తుంది, అన్నిటికీ మించి ఒక మనిషి అరుస్తూ వెంట పడతారు. ఇన్ని గుణాలున్న బొమ్మ ఏ దుకాణంలోనూ దొరకదు.

కాబట్టి రెండు బొమ్మలు బయట ఉంచి, మిగిలిన రెండూ మూత ఉన్న డబ్బాలో దాచండి. రెండు మూడు రోజులకొకసారి మార్చండి. దాచేటప్పుడు వాసన కూడా మారేటట్టు చూడండి: ఒకసారి జొన్నల సంచిలో, ఒకసారి మీరు కట్టి విడిచిన పాత చీర మడతలో పెట్టి ఉంచితే, పాత బాతే కొత్త బాతై బయటికి వస్తుంది. రంగు విషయంలో ఒక మాట. కుక్కల కంటిలో రంగును పట్టే కణాలు రెండు రకాలే ఉంటాయి కాబట్టి, నీలమూ పసుపూ వాటికి బాగా తెలుస్తాయి. ఎరుపూ ఆకుపచ్చా ఇంచుమించు ఒకే తీరుగా కనిపిస్తాయి. పచ్చగడ్డిలో ఎర్ర బంతి వేసి, ‘ఇది వెతకడం లేదు’ అని విసుక్కునేవారిని నేను చాలామందిని చూశాను.

ఇక అత్తమ్మ గారి సంగతి. లాబ్రడార్ జాతిని తయారు చేసిందే వేటగాడు కొట్టిన పక్షిని నలగకుండా నోట పట్టి తెచ్చి ఇవ్వడానికి. అందువల్ల తెచ్చి ఇచ్చే ఆట దానికి ఎవరూ నేర్పనవసరం లేదు, తెచ్చినదాన్ని వదలడం మాత్రం నేర్పాలి. అత్తమ్మ కుర్చీ పక్కన చిన్న గిన్నెలో దాని తిండి గింజలు పెట్టుకొని, గుడ్డ కోతిని నేల మీద జార్చి, అది తెచ్చినప్పుడు ఒక గింజ ముక్కు దగ్గర చూపితే, గింజ కోసం నోరు తెరుస్తుంది, కోతి ఒడిలో పడుతుంది. చెప్పు పట్టుకుపోయినప్పుడు కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది. వెంటపడితే మాత్రం అదే దానికి కొత్త ఆట అవుతుంది. నేల మీద నున్నటి టైల్స్ ఉంటే జంపఖానా ఒకటి పరచి దాని మీదనే ఆడించండి; ఎదిగే వయసులో కాళ్ళు జారుతూ పరుగెత్తడం ఈ జాతి కీళ్ళకు మంచిది కాదు.

మూడు స్టీలు గ్లాసులు బోర్లించి ఒకదాని కింద గింజ పెట్టి, ఏ గ్లాసు కింద ఉన్నదో ముక్కుతో చెప్పమనడం ఇంకొకటి. పాత తువ్వాలను పరచి, గింజలు చల్లి, చాపలా చుట్టి ఇవ్వడం మరొకటి. మధ్యాహ్నపు తిండిని గిన్నెలో పెట్టడం మాని ఇలా పెడితే, నాలుగు నిమిషాల్లో అయిపోయే భోజనం దానికి ఒక పనిగా మారుతుంది. వాసన పట్టి వెతికిన తరువాత కుక్కపిల్ల పడుకున్నట్టు, పరుగెత్తించిన తరువాత పడుకోదు.

జవాబు
రాసినవారు: మిర్యాలగూడ గ్యారేజీ

పైన జడ్చర్ల సార్ చెప్పినదంతా సరే గానీ, ఒక్క బొమ్మ మాత్రం కొనవచ్చునని నా అభిప్రాయం. లోపల బోలుగా ఉండి, తిండి కూరడానికి వీలైన గట్టి రబ్బరు బొమ్మ అది. కాంగ్ అనే పేరుతో వచ్చేది అందరికీ తెలిసినదే.

దాని పుట్టుక మా వృత్తిలోనే జరిగింది కాబట్టి నాకు దాని మీద కొంత అభిమానం ఉన్నది. 1970లలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో జో మార్కమ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ ఉండేది. అది రాళ్ళు కొరికి కొరికి పళ్ళు అరగగొట్టుకునేది. ఆయన ఒకనాడు పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాను బాగు చేస్తూ కుదుపులను ఆపే సస్పెన్షన్‌లోని రబ్బరు భాగం ఒకటి తీసి పడవేస్తే, ఫ్రిట్జ్ రాళ్ళను వదిలి దాన్ని పట్టుకున్నదట. ఆ ఆకారం నేలకు కొట్టినప్పుడు ఎటు ఎగురుతుందో తెలియదు, కొరికితే లొంగుతుంది గానీ తెగదు. ఆ రెండు గుణాలతోనే ఆయన బొమ్మను తయారు చేశారు.

ఈ కథ విని మా గ్యారేజీకి వచ్చి, ‘పాత రబ్బరు బుష్ ఏదైనా ఉంటే ఇవ్వు, కుక్కకు వేస్తాను’ అని అడిగేవారు ఉన్నారు. ఇవ్వను. బండి నుంచి తీసిన రబ్బరుకు గ్రీసూ ఆయిలూ పట్టి ఉంటాయి, టైరు ముక్కల్లో ఉక్కు తీగలు ఉంటాయి. బండ్లు బాగు చేసుకునే ఇళ్ళవారు ఇంజనును చల్లబరిచే కూలెంట్ ద్రవం విషయంలో కూడా జాగ్రత్తగా ఉండాలి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కొద్దిగా నాకినా కుక్క మూత్రపిండాలు చెడిపోతాయి.

మీ పిల్లకు ఇంకా పాలపళ్ళే కాబట్టి పిల్లల కోసం చేసే మెత్తని రకాన్నే తీసుకోండి. లోపల ఏం కూరాలన్నది మన వంటింట్లోనే ఉన్నది. దాని రోజువారీ తిండినే నానబెట్టి, కొంచెం పెరుగన్నంతో కలిపి నింపవచ్చు. వేయించి పొట్టు తీసిన పల్లీలను ఉప్పూ కారమూ బెల్లమూ లేకుండా మెత్తగా నూరి, ఆ ముద్దను లోపలి అంచుకు పూయవచ్చు. బూజు వాసన వచ్చే పల్లీలను మాత్రం తీసుకోవద్దు. వాటిలో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం కుక్క కాలేయానికి చాలా చేటు. దుకాణంలో దొరికే పీనట్ బటర్ వాడేటట్టయితే డబ్బా మీద జైలిటాల్ అన్న మాట ఉన్నదేమో చదవండి. అది మనకు చక్కెరకు బదులు వేసే తీపి; కుక్కకు మాత్రం నెత్తురులో చక్కెర ఒక్కసారిగా పడిపోయేటట్టు చేస్తుంది.

మొదట వదులుగా నింపి, తేలికగా రాలేటట్టు ఇవ్వండి. మొదటిరోజే గట్టిగా కూరి ఇస్తే నాలుగుసార్లు నాకి వదిలివేస్తుంది. అలవాటైన తరువాత కొంచెం బిగించి, ఆ తరువాత రాత్రి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఉదయం మీరు బయలుదేరే ముందు ఇస్తే, మీరు వెళ్ళడం అది గమనించకుండానే జరిగిపోతుంది. బొమ్మలో పెట్టినంత తిండిని గిన్నెలో తగ్గించండి. లాబ్రడార్లు ఆకలి ఉన్నా లేకున్నా తింటాయి, తొందరగా ఒళ్ళు చేస్తాయి.

జవాబు
రాసినవారు: దేవరకొండ బత్తాయి తోట

ఆడించడానికి కొనుగోళ్ళు ఎందుకో నాకు అర్థం కాలేదు. మీకు వాకిలి ఉన్నదంటున్నారు కదా. వేపచెట్టు నీడో, గోడ నీడో పడే చోట పాత సిమెంటు తొట్టి ఒకటి పెట్టి, సగం వరకు ఇసుక పోసి, కొంచెం తడిపి, ఆ రబ్బరు బంతినీ బాతునూ అందులో పాతిపెట్టండి. మట్టి తవ్వడం కుక్కకు పుట్టుకతో వచ్చిన ఇష్టం. తవ్వడానికి చోటు చూపకపోతే మీ పూలకుండీలను తవ్వుతుంది. తడి ఇసుక చల్లగా ఉంటుంది కాబట్టి తవ్వి తవ్వి అందులోనే పడుకుంటుంది. తెల్లవారుజామునా పొద్దుగూకిన తరువాతా మాత్రమే వదలండి. రాత్రి తొట్టి మీద మూత పెట్టకపోతే పిల్లులు దాన్ని పాడు చేస్తాయి.

ఈ కాలంలో ముంజలు తిని పడవేసిన తాటి బుర్రలు దొరుకుతాయి. పిల్లలు వాటికి పుల్ల గుచ్చి బండి కట్టి లాగుతుంటే మా తోటలోని కుక్కపిల్లలు దాని వెంట పడతాయి. బుర్రను కొరకనివ్వవద్దు, పీచు గొంతులో పడుతుంది. వెంట పరుగెత్తడం వరకే. గోనె సంచి ముక్క ఇచ్చేటట్టయితే వడ్లో జొన్నలో పోసిన సంచిని ఇవ్వండి, ఎరువులకో పురుగుమందులకో వాడిన సంచిని ఇవ్వకండి.

బయట ఆడించిన బొమ్మలను బయటే వదలకండి. మా దగ్గర కోతులు పట్టుకుపోతాయి, నల్లగొండలో కూడా వాటికి కొదవ లేదనుకుంటాను.

చుక్కి వాళ్ళమ్మ, నల్లగొండ

అందరికీ కృతజ్ఞతలు. గ్లాసుల ఆట అత్తమ్మకు బాగా నచ్చింది. చుక్కి కన్నా ఆవిడే ఎక్కువ ఉత్సాహంగా ఆడుతున్నారు. ఇంకో రెండు సందేహాలు. ఊళ్ళో కుక్కలకు ఎముకలూ, గింజలు ఒలిచిన మక్క బెండ్లూ వేసేవారమని, వాటిని గంటల తరబడి కొరుక్కుంటూ పడుకునేవని అత్తమ్మ అంటున్నారు. అవి ఇవ్వవచ్చా? నిన్న తాడు బొమ్మ మీద కొంచెం నెత్తురు, పక్కనే బియ్యపు గింజంత పన్ను కనిపించాయి. భయపడవలసినది ఏమైనా ఉన్నదా?

జవాబు
రాసినవారు: మగ్గం ఇల్లు, పోచంపల్లి

పన్ను గురించి తెలిసినవారు చెబుతారు. ఆ తాడు బొమ్మ గురించి మాత్రం నేను చెప్పవలసినది ఉన్నది. మాది నేత ఇల్లు, ఇంటి నిండా నూలు పోగులే కాబట్టి కుక్కను పెంచడం మొదలుపెట్టిన నాటి నుంచి మాకు ఇదొక్కటే భయం. తాడు బొమ్మ చివర్లు విడి కుచ్చులుగా మారినప్పుడు కుక్కపిల్ల ఆ పోగులను లాగి మింగుతుంది. పొడవాటి దారం ఒక కొన నాలుక కిందనో కడుపులోనో చిక్కుకొని, రెండో కొన పేగులోకి దిగితే, పేగు ముడతలు పడి దారం ఒరుసుకొని తెగే ప్రమాదం ఉంటుంది. నోటి నుంచి గానీ వెనుక నుంచి గానీ దారం వేలాడుతూ కనిపిస్తే ఎంతమాత్రమూ లాగకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలని మాకు చెప్పారు. మీ నులక మంచం అల్లిక కూడా ఇలాంటిదే. మంచాన్ని కొన్నాళ్ళు నిలబెట్టి గోడకు ఆనించండి. తాడు బొమ్మను అత్తమ్మ చేతిలో ఒక కొస ఉన్నంతసేపే ఆడనిచ్చి, ఆట కాగానే తీసి దాచండి.

జవాబు
రాసినవారు: పశువైద్యశాల, వనపర్తి

పన్ను గురించి భయం అవసరం లేదు. కుక్కపిల్లకు 28 పాలపళ్ళు ఉంటాయి. సుమారు నాలుగో నెలలో అవి ఊడడం మొదలై, ఆరేడు నెలలకల్లా వాటి స్థానంలో 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఊడిన పళ్ళను చాలావరకు మింగివేస్తాయి, దానివల్ల హాని లేదు. మీరు విసుగు అనుకుంటున్నదానిలో కొంత భాగం చిగుళ్ళ సలుపే కావచ్చు. బాతు మరీ మెత్తన, బంతి నోటికి పట్టదు, చెప్పు అంచు మాత్రం చిగురుకు సరిగ్గా ఆనుతుంది. పాత నూలు తువ్వాలను తడిపి, మెలిపెట్టి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఎవరో ఒకరు దగ్గర కూర్చొని కొరకనివ్వండి. ఎంత గట్టి వస్తువు ఇవ్వవచ్చో తెలుసుకోవడానికి బొటనవేలి గోటితో నొక్కి చూడండి. గోటికి కొంచెం కూడా లొంగని వస్తువు పంటిని విరగగొడుతుంది. మరీ చిన్న బంతి గొంతుకు అడ్డం పడుతుంది కాబట్టి, నోట్లో పూర్తిగా పట్టేంత చిన్నదిగా ఉండకూడదు. పాత టెన్నిస్ బంతికి మట్టి పట్టిన నూగు పళ్ళను గరుకు కాగితంలా అరగదీస్తుంది.

అత్తమ్మ గారు చెప్పిన రెండింటిలో మక్క బెండును నేను ముందుగా వద్దంటాను. పాలమూరు వైపు మక్కలు విరివిగా పండే మా ప్రాంతంలో దాన్ని ఆట వస్తువు కింద వేయడం మామూలే. అది కడుపులో అరగదు, ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించదు, ముక్కగా మింగితే పేగులో అడ్డం పడి ఆపరేషన్ దాకా వస్తుంది. మామిడి టెంకది కూడా ఇదే కథ, వేసవిలో మరీ ఎక్కువ. ఉడికిన ఎముక పెళుసుగా చీలి మొనలు తేలుతుంది కాబట్టి అదీ వద్దు. బాలానగర్ సీతాఫలాలకు పేరుపడ్డ ఉమ్మడి పాలమూరు జిల్లా మాది. ఆ పండ్ల కాలం వచ్చినప్పుడు గింజలను కూడా నేల మీద ఉమ్మివేయకుండా ఏరివేయండి, నలిగిన గింజ విషం. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ ఏ బొమ్మలోనూ పెట్టకూడదు.

కూలర్ వైరును ఈరోజే పైపులో దూర్చండి లేదా గోడ మీదికి ఎత్తి కట్టండి. వైరు కొరికిన కుక్కపిల్లకు నోరు కాలడమే కాదు, కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. పైకి బాగానే కనిపించినా చూపించాలి.

ఇక్కడ ఎవరూ ప్రస్తావించనిది నిద్ర. ఈ వయసు పిల్ల రోజుకు 18 నుంచి 20 గంటలు పడుకోవాలి. అత్తమ్మ గారు ప్రేమతో రోజంతా దానితో మాట్లాడుతూ, లేపుతూ, కొత్త ఆట పెడుతూ ఉంటే, అది అలసిపోయి కూడా పడుకోలేక, కనపడినదల్లా కొరుకుతుంది. పసిపిల్లలు నిద్రకు ముందు పెట్టే పేచీ లాంటిదే ఇది. పావుగంట ఆట, కొంచెం నాకడానికో కొరకడానికో ఏదైనా, తరువాత చీకటి గదిలో చల్లని బండ మీద గంటన్నర రెండు గంటల నిద్ర. ఈ వరుస కుదిరితే పగలు మూడు నాలుగు ఆటలకు మించి అవసరం ఉండదు. ఆట బొమ్మను కర్రకు కట్టి నేల మీద లాగించడం మంచిదే గానీ, గాలిలోకి ఎత్తి ఎగిరించకండి; ఎముకల చివర్లు ముదరడానికి ఈ జాతికి ఏడాది పైనే పడుతుంది.

ఏదైనా మింగిందని అనుమానం వస్తే, వాంతులు ఆగకపోయినా, తిండి మానివేసినా, పొట్ట ముట్టుకోనివ్వకపోయినా, విరేచనం కాకపోయినా రేపటిదాకా ఆగవద్దు. మీ దగ్గరి పశువైద్యశాలలో వీలు కాదంటే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకువెళ్ళవచ్చు.

చుక్కి వాళ్ళమ్మ, నల్లగొండ

డాక్టరు గారూ, మక్క బెండు సంగతి చదివి వినిపించాను, అత్తమ్మ ఒప్పుకున్నారు. తాడు బొమ్మ అల్మారాలోకి వెళ్ళింది, వైరు పైపులోకి వెళ్ళింది. గడ్డకట్టిన పెరుగు రోజూ ఇవ్వవచ్చా, చివరి టీకా తరువాత ఎన్నాళ్ళకు బయటికి తీసుకువెళ్ళవచ్చో కూడా చెప్పగలరు.

జవాబు
రాసినవారు: పశువైద్యశాల, వనపర్తి

ఉప్పూ చక్కెరా లేని పెరుగును రోజుకు రెండు చెంచాలకు మించకుండా ఇవ్వండి. విరేచనం పలుచబడితే మానివేసి, బదులుగా నానబెట్టిన తిండినే గడ్డకట్టించండి. టీకా వేయించిన తరువాత సుమారు రెండు వారాలు ఆగి బయటికి తీయవచ్చు. కుక్కపిల్లల ప్రాణాల మీదికి తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది కాబట్టి అంతవరకు వీధికుక్కలు తిరిగే చోట నేల మీద దింపవద్దు. ఎత్తుకొని గేటు దగ్గర నిలబడి ఆటోలూ మేకలూ బడిపిల్లలూ పోతుంటే చూపించడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి, అదీ దానికి ఆటే. బయట నడిపించడం మొదలైన తరువాత ఉదయం ఆరున్నర లోపు, లేదా చేతి వెనుక భాగాన్ని ఏడు సెకన్ల పాటు రోడ్డుకు ఆనించగలిగేంతగా నేల చల్లారిన తరువాత తీసుకువెళ్ళండి.